తువ్వాలు వేసిన సీటు

ఇప్పటి మెడికల్ రెప్‌ల చేతుల్లో ట్యాబ్‌లు ఉంటున్నాయి. వేలితో తోస్తే గుండె కొట్టుకుంటుంది, మెదడు గిర్రున తిరుగుతుంది. మా రోజుల్లో ప్లాస్టిక్ కాగితాల ఫోల్డరు ఒకటి ఉండేది. దాన్ని విజువల్ ఎయిడ్ అనేవాళ్లం. ఎడమ చేత్తో కిందిమూల పట్టుకుని, పేజీ డాక్టరు వైపు తిప్పి, కుడి చేతిలో మూత తియ్యని పెన్నుతో ఒక్కొక్క బొమ్మ మీదా తడుతూ చెప్పాలి. ఆ పనికి డిటైలింగ్ అని పేరు.

అలాంటి ఫోల్డరు ఒకటి ఇప్పటికీ నా బీరువాలో ఉంది. మా యూనియన్ కుర్రాళ్లు సావనీరుకి రాయమని అడిగింది దాని గురించి కాదు. నా విజయాల గురించి రాయమన్నారు. రాయాలంటే బోలెడున్నాయి. ఏలూరు హెడ్‌క్వార్టరుగా ఇరవై రెండేళ్లు చేశాను. నేను బ్యాగు తెరిస్తే డాక్టర్లు స్టెతస్కోపు తీసి పక్కన పెట్టి మరీ వినేవారు.

ఇది అబద్ధం. ఒకాయన తీసి పక్కన పెట్టాడు, అదీ భోజనానికి లేస్తూ. మిగిలినవాళ్లు చీటీ రాసుకుంటూనే తల ఊపేవారు. ఆ ఊపడం నాకా, ఎదురుగా దగ్గుతున్న పేషెంటుకా అన్నది ఇరవై రెండేళ్లలో తేల్చుకోలేకపోయాను.

నేను కాస్త పెంచి చెప్పే మనిషిని. మా ఆవిడ నా మాటలో సగం తీసేసి, మిగిలినదాన్ని మళ్లీ వాకబు చేస్తుంది. ఈ ఒక్క సంగతిలో మాత్రం నేను ఎక్కడెక్కడ పెంచానో అక్కడికి నేనే వెనక్కి వచ్చి దించుతాను. ఓపిగ్గా చదవండి. మీ బ్యాగుల్లోకి కూడా ఎప్పుడో ఒకప్పుడు నేను చెప్పబోయేలాంటి బిళ్ళ వస్తుంది.

అది రెండు వేల ఏడు, ఎనిమిది మధ్య సంగతి. మా కంపెనీ ఒళ్లు తగ్గే బిళ్ళ ఒకటి తెచ్చింది. బెజవాడ హోటల్లో రెండు రోజులు శిక్షణ ఇచ్చారు. గంజాయి తాగినవాడికి ఆకలి విపరీతంగా వేస్తుందని ఊళ్లో అందరికీ తెలుసు. ఎందుకు వేస్తుందని వెతికినవాళ్లకి మెదడులో ఒక సంగతి దొరికిందట. మెదడు కణాల మీద రిసెప్టర్లు ఉంటాయి. గంజాయిలోని పదార్థం వచ్చి వాటి మీద కూచుంటుంది. అయితే అవి గంజాయి కోసం పుట్టినవి కావు. మన మెదడు తనంతట తనే అలాంటి పదార్థాన్ని చిటికెడు చిటికెడు తయారు చేసుకుంటుంది. అది వచ్చి కూచున్నప్పుడు ఇంకో ముద్ద తినాలనిపిస్తుంది, తిన్నది బాగుందనిపిస్తుంది. వాటిని కన్నాబినాయిడ్ రిసెప్టర్లు అంటారు. మా బిళ్ళ ముందుగా పోయి ఆ చోటు ఆక్రమించేస్తుంది. ఆకలి తగ్గుతుంది, ఒళ్లు తగ్గుతుంది.

శిక్షణలో దీన్ని తాళం, తాళంచెవి బొమ్మతో చెప్పారు. అది ఏలూరులో పారదని నాకు తెలుసు. నా సొంతంగా ఒకటి తయారు చేశాను. "డాక్టరుగారూ, గూడెం బస్టాండులో బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు పడేస్తారు చూడండి. తరవాత ఎవడెక్కినా కూచోడానికి ఉండదు. మెదడులో ఆకలి కూచునే సీటు మీద మా బిళ్ళ తువ్వాలు వేసేస్తుందండి. ఆకలి ఎక్కుతుంది, సీటు చూస్తుంది, దిగిపోతుంది." ఇది అద్భుతంగా పండింది. ఈ ఉపమానాన్ని కంపెనీ దేశమంతా వాడుకుందని చాలామందితో చెప్పాను. దేశమంతా కాదు. భీమవరం కుర్రాడు ఒకడు వాడుకున్నాడు, అదీ నా పేరు చెప్పకుండా.

ఆ బిళ్ళని పరిచయం చెయ్యడానికి తాడేపల్లిగూడెంలో ఒక ఆదివారం మధ్యాహ్నం మీటింగు పెట్టాం. తణుకు నుంచి ఏలూరు దాకా డాక్టర్లని పిలిచాం. ఒళ్లు తగ్గే మందు గురించి చెప్పి ఆ తరవాత బిర్యానీ పెట్టడం మా ఏరియా మేనేజరు గారి ఆలోచన. అందులో ఉన్న హాస్యం ఆయనకి తప్ప అందరికీ తెలిసింది.

బిర్యానీ చేసింది మా మాస్టారు. ఏలూరు మనిషి. ముస్లిం కుటుంబం, తాత నాటి నుంచీ వంటే. ఆయన పేరు రాయను. ఏలూరులో పెళ్లి భోజనం చేసినవాళ్లకి చెప్పక్కర్లేదు, చెయ్యనివాళ్లకి చెప్పినా లాభం లేదు. మనిషి భారీ. ఆటోలో ఆయన ఎక్కితే రెండోవాళ్లని ఎక్కించుకోరు. ఎప్పుడూ ఏదో కూనిరాగం తీస్తూ ఉండేవాడు. రుచి చూడ్డానికి గరిటె వాడేవాడు కాదు. ఎడమ అరచేయి తిరగేసి, బొటనవేలి పక్కన ఒక్క చుక్క వేసుకుని, నాలిక్కి తాకించి కళ్లు మూసుకునేవాడు. కూనిరాగం ఆగి, మళ్లీ అందుకుంటే కూర కుదిరినట్టు. అందుకోకపోతే ఇంకేదో పడాలి.

రంజాన్ నెలలో ఆయన ఉపవాసం. నోట్లో నీళ్లు కూడా పోసుకోడు. కానీ పెళ్లిళ్లు, సాయంత్రం విందులు ఆగవు కదా. అప్పుడు ఉప్పు చూడ్డం నా ఉద్యోగం. ఏడాదికి ఒక నెల. కబురు పెడితే నేను టూరు ప్రోగ్రాంలో వేరే ఊరు రాసి, వెళ్లి ఆయన డేగిసా పక్కన నిలబడేవాణ్ణి. నేను చేతి మీద చుక్క వేసుకుని నాకుతుంటే ఆయన నా మొహమే చూసేవాడు. "మీ మొహంలో ఉప్పు కనపడుద్దండీ నాకు" అనేవాడు. పదకొండు రంజాన్‌లు అలా గడిచాయి. స్నేహం అనే మాట మేమిద్దరం ఎప్పుడూ వాడలేదు.

ఆ ఆదివారం నేను తువ్వాలు కథ చెబుతుంటే మాస్టారు భుజాన తుండుతో హాలు గుమ్మంలో నిలబడి విన్నాడు. ప్రశ్నలేమైనా ఉన్నాయా అన్నాం. డాక్టర్లు వాచీలు చూసుకుంటున్నారు.

"ఏవండీ, నాదొక సందేహమండి" అన్నాడు మాస్టారు.

"అడగండి మాస్టారూ."

"ఆ బస్సులో ఆకలి ఒక్కటే ఎక్కుద్దాండి? ఆ సీట్లో ఇంకెవరూ కూచోరాండి?"

అందరూ నవ్వారు. ముందు వరసలో ఉన్న ఏలూరు పెద్ద ఫిజీషియను గారు వెనక్కి తిరిగి, "మాస్టారూ, డేగిసా సంగతి మీరు చూడండి, మెదడు సంగతి మేం చూసుకుంటాం" అన్నారు. మాస్టారు కూడా నవ్వాడు, కానీ జవాబు కోసం నా వంకే చూస్తున్నాడు.

"ఆకలి ఒక్కటేనండి మాస్టారూ. రిజర్వుడు సీటు" అన్నాను.

ఆ జవాబు నాకు తెలిసి చెప్పింది కాదు. శిక్షణ పుస్తకంలో ఒక పేజీ ఉంది. ఆ రిసెప్టర్లు మెదడంతా ఎక్కడెక్కడ ఉన్నాయో చుక్కలు పెట్టి చూపించారు. ఆ పేజీ దగ్గర టీ ఇచ్చారు. నేను టీకి లేచాను.

డాక్టర్లు వెళ్లిపోయాక మాస్టారు గిన్నెలు సర్దించి నా పక్కన కూచున్నాడు. "మోకాళ్లు మాట వినట్లేదండి. షుగరు డాక్టరు గారు ఒళ్లు తగ్గకపోతే కష్టం అంటున్నారు. ఆ బిళ్ళ నాకు పనికొస్తాదేమోనండి" అన్నాడు. డాక్టరుని అడగండి అనాలి. నేను బ్యాగు తెరిచాను. శాంపిల్స్ నిండుగా ఉన్నాయి. ప్రతి అట్ట మీదా 'అమ్మకానికి కాదు' అని ఉంటుంది. అమ్మడం లేదు కదా, ఇస్తున్నాను. మూడు నెలలకి సరిపడా ఇచ్చాను. ఎంత సంతోషించాడో. రెండు చేతులతో అందుకుని కళ్లకి అద్దుకున్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇది నేను ముప్పై మందికి ఈ కథ చెప్పి, ముప్పై సార్లూ దాటేసిన సంగతి.

మాస్టారికి ఒక తమ్ముడు ఉండేవాడు. దానికి పద్నాలుగేళ్ల కిందట, కలిదిండి వైపు ఒక పెళ్లివంటకి కొరమేనులు తక్కువైతే, తమ్ముణ్ణి కొల్లేట్లో లంక ఊరికి పంపాడు మాస్టారు. తాటి దోనె మీద వస్తుంటే గాలివాన పట్టుకుంది. దోనె దొరికింది. కుర్రవాడు మూడో రోజున దొరికాడు. ఆ తరవాత రెండేళ్లు మాస్టారు గరిటె పట్టలేదు. "గోడకేసి తిరిగి పడుకునేవాణ్ణండి. మా ఆవిడ పెడితే తిన్నాను, పెట్టకపోతే లేదు. ఎలా తగ్గిందో తెలీదండి. ఒకరోజు పక్కింట్లో ఉల్లిపాయలు వేగుతున్న వాసన బాగుందనిపించింది. లేచాను" అని నాకు ఆయనే ఒక రంజాన్ సాయంత్రం చెప్పాడు. కాబట్టి నాకు తెలుసు.

ఇక ఫోల్డరులో ఆ బిళ్ళ పేజీ కిందిమూల, ఆవగింజంత అక్షరాల్లో ఒక లైను ఉండేది. గతంలో మనసు తీవ్రంగా కుంగిన జబ్బు వచ్చినవాళ్లకి ఇది ఇవ్వకూడదు అని. నేను ఫోల్డరు పట్టుకునేటప్పుడు నా ఎడమ బొటనవేలు సరిగ్గా ఆ లైను మీద ఉండేది. యాదృచ్ఛికం అని నాకు నేను చాలాకాలం చెప్పుకున్నాను. కాదు. మొదటి వారంలో తణుకు డాక్టరు ఒకాయన ఆ లైను చదివి, "ఇది మనకొద్దులెండి" అని ఫోల్డరు మూసేశాడు. రెండో వారం నుంచి నా వేలు అక్కడికి చేరింది. ఎవరూ నేర్పలేదు. వేలే నేర్చుకుంది.

మాస్టారు ఒళ్లు నిజంగానే తగ్గింది. రెండు నెలల్లో చొక్కాలు వేలాడాయి. ఆటోలో పక్కన ఇంకొకళ్లకి చోటు వచ్చింది. నేను ఆయన్ని నాతో రెండు మూడు క్లినిక్‌లకి తీసుకెళ్లాను. "చూడండి డాక్టరుగారూ, నడిచే విజువల్ ఎయిడ్" అన్నాను. మాస్టారు సిగ్గుపడుతూ నిలబడ్డాడు. ఆయన కూనిరాగం మానేశాడని నేను గమనించానా అంటే, గమనించాను. పళ్లు ఏమైనా ఇబ్బంది పెడుతున్నాయేమో అనుకున్నాను.

ఉంగుటూరు దగ్గర ఒక పెళ్లికి ఆయన వంట. పొద్దున్నే కబురు పెట్టాడు, ఒకసారి రమ్మని. వెళ్లాను. షామియానా వెనక మూడు డేగిసాలు దించి ఉన్నాయి. మాస్టారు పక్కన స్టూలు మీద కూచున్నాడు.

"ఉప్పు చూడండి" అన్నాడు.

"ఇది రంజాన్ కాదు కదా మాస్టారూ."

"చూడండి, ఏమనుకోకుండా."

చూశాను. ఎప్పటిలాగే ఉంది. అదే మాట చెప్పాను. ఆయన నా మొహం వంక చూడలేదు. చేతుల వంక చూసుకుంటున్నాడు.

"నాలిక చచ్చిపోయిందాండి?" అన్నాను వేళాకోళంగా.

"లేదండి. ఉప్పు తెలుస్తోంది. కారం తెలుస్తోంది. బాగుందో లేదో తెలీటం లేదండి." తుండుతో చేతులు తుడుచుకున్నాడు. "తమ్ముడు నిన్ననే పోయినట్టుందండి. పద్నాలుగేళ్లు కదండీ, కాస్త దూరం జరిగాడు. మళ్లీ దగ్గరికొచ్చేశాడు. పొద్దున్న కొరమేనులు కడుగుతుంటే చెయ్యి ఆడలేదు."

నేను ఏమన్నానో గుర్తుంది. "ఒళ్లు తగ్గినప్పుడు నీరసం వస్తుంది మాస్టారూ, బి కాంప్లెక్సు ఇస్తాను" అన్నాను. ఇచ్చాను కూడా. అవీ శాంపిల్సే.

మందు వల్ల ఎవరికైనా తేడా చేసినట్టు వింటే రాసి పంపాల్సిన ఫారం ఒకటి ప్రతి రెప్ బ్యాగులోనూ ఉంటుంది. నా బ్యాగులోనూ ఉంది. బస్టాండులో కూచుని తీశాను. పైన పేషెంటు వయసు, డాక్టరు పేరు రాయాలి. ఏరియా మేనేజరు గారికి ఫోన్ చేశాను. ఆయన చెడ్డవాడేం కాదు. ఒక్కటే అడిగాడు. "ఏ డాక్టరు రాశాడండీ?"

"డాక్టరు రాయలేదండి. నేనే..."

"అయితే పేషెంటే కాదు కదండీ" అన్నాడు.

ఫారం మడతపెట్టి బ్యాగులో పెట్టేశాను. నిజం చెప్పాలంటే ఆ మాట వినడానికే ఫోన్ చేశాను.

తరవాత పది రోజులకి మాస్టారు పొద్దున్నే ఇంట్లోంచి వెళ్లి, ఏలూరు దాటి కొల్లేటి గట్టు మీద నడిచి, తమ్ముడి దోనె దొరికిన వైపు నీళ్లలోకి దిగాడు. ఛాతీ లోతు దాకా వెళ్లి అక్కడే నిలబడిపోయాడు. ఈ ఘట్టం నేను బాగా చెబుతాను. నేను కైకలూరు నుంచి స్కూటరు మీద వస్తూ గట్టు మీంచి చూసి, బ్యాగు విసిరేసి, బూట్లతోనే దూకి, ఆయన్ని జబ్బ పట్టుకుని లాక్కొచ్చానని. విన్నవాళ్లు కళ్లు తుడుచుకున్నారు.

నేను ఆ టైముకి తణుకులో టీ తాగుతున్నాను. మాస్టారిని బయటికి తెచ్చింది చేపల చెరువు కాపలా మనిషి. ఆయన పేరు కూడా నాకు తెలియదు. "లోతుందండి బాబూ, ఇటు రండి" అని పిలిస్తే మాస్టారు, "ఆయ్, వస్తున్నానండి" అని బుద్ధిగా వచ్చేశాడట. ఎవరైనా పిలిస్తే పలక్కుండా ఉండటం ఆయనకి చేతకాదు.

మర్నాడు నేను వాళ్లింటికి వెళ్లాను. మాస్టారు మంచం మీద గోడవైపు తిరిగి ఉన్నాడు. ఆయన భార్య నన్ను అన్నయ్య గారూ అని పిలిచేది. వాళ్లకి పిల్లలు లేరు.

"ఏం జరుగుతోందో తెలీటం లేదండి అన్నయ్య గారూ. మనిషి లోపల మనిషి లేడండి. పెద్ద డాక్టరు గారి దగ్గరికి మీరు తీసుకెళితే లైనులో కూచోక్కర్లేదంట."

"తీసుకెళతాను చెల్లమ్మా. మందులన్నీ ఎక్కడ పెడతారు?"

ఆవిడ అలమర చూపించి టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. బిస్కెట్ల డబ్బాలో షుగరు మాత్రలు ఉన్నాయి, నా బిళ్ళలు ఇంకా రెండు అట్టలు ఉన్నాయి. 'అమ్మకానికి కాదు' అని మెరుస్తోంది. డాక్టరు చూస్తే ఎవరిచ్చారంటాడు. రెండు అట్టలూ తీసి నా బ్యాగులో వేసుకున్నాను. మందు మానిపించడమే కదా కావలసింది, ఇక ఉండదు, మానేస్తాడు, సరిపోతుంది అనుకున్నాను. దాన్ని నేను మంచి పనిగానే లెక్కవేసుకున్నాను. టీ తాగాను.

ఏలూరు పెద్ద ఫిజీషియను గారు గూడెం మీటింగులో ముందు వరసలో కూచున్నాయన. మాస్టారిని చూసి లేచి నిలబడ్డారు. నాడి పట్టుకున్నారు. నిద్ర గురించి అడిగారు. చాలాసేపు చూశారు. ఆయన తొందరపడే మనిషి కాదు.

"మందులేం వాడుతున్నారు?" అన్నారు.

మాస్టారు నేల వంక చూస్తున్నాడు. ఆయన భార్య నా వంక చూసింది. డాక్టరు కూడా నా వంక చూశారు. నేను అనాల్సింది ఒక్క వాక్యం. ఆ డాక్టరుకి ఆ బిళ్ళ తెలుసు. నా తువ్వాలు కథ తెలుసు. ఒక్క వాక్యంతో మొత్తం అర్థమైపోయేది.

"షుగరు మాత్రలేనండి డాక్టరుగారూ" అన్నాను.

ఆయన నిద్రకొకటి, బలానికొకటి రాశారు. మనసు బాగా నలిగింది, ఒంటరిగా వదలకండి, రెండు వారాల్లో మళ్లీ చూపించండి అన్నారు. ఉన్న సమాచారంతో ఎవరైనా అంతే చేస్తారు.

ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో నేను ఎన్నో రోజుల్ని నిర్ణాయకమైన రోజులని కథలు కథలుగా చెప్పాను. నిజంగా అలాంటి రోజు ఒక్కటే. అది అయిదు నిమిషాలు కూడా లేదు.

నేను అట్టలు తీసేశాను కానీ, ఎందుకు తీశానో ఎవరికీ చెప్పలేదు కదా. నాలుగు రోజుల తరవాత మాస్టారు మంచం దిగి చూసుకుంటే డబ్బాలో బిళ్ళలు కనపడలేదు. ఎక్కడో పారేసుకున్నాననుకున్నాడు. వీధి చివర మందుల షాపుకి వెళ్లి అడిగాడు. ఆ షాపులో ఆ బిళ్ళ పెట్టించింది నేనే. చీటీ అడక్కుండా ఇచ్చారు. మన మాస్టారే కదా అని.

మూడు వారాల తరవాత ఒక శుక్రవారం పొద్దున ఆయన మళ్లీ కొల్లేటికి వెళ్లాడు. ఈసారి గట్టు మీద పిలవడానికి ఎవరూ లేరు.

ఆ రోజు నేను కైకలూరులోనే ఉన్నాను. ఇది పెంచి చెప్పడం కాదు. బస్సులో ఎవరో అనుకుంటుంటే విన్నాను, వంటాయన అని. గట్టు దగ్గర దిగకుండా ఏలూరు దాకా వచ్చేశాను. ఏలూరులో కూడా వాళ్లింటి వైపు వెళ్లలేదు. సాయంత్రం జనంతో కలిసి వెళ్లి వెనక నిలబడ్డాను.

నాలుగో రోజున వెళితే ఆవిడ ఒక అట్ట తెచ్చి నా చేతిలో పెట్టింది. సగం ఖాళీ. దాని మీద 'అమ్మకానికి కాదు' అని లేదు.

"ఇవి మీరిచ్చిన మందేనంట కదండీ. నీరసంగా ఉంటే మానెయ్యరాదా అని అన్నానండి నేను. ఆయనేమో, పాపం గుర్తుపెట్టుకుని తెచ్చి ఇచ్చారు, మానేస్తే ఆయన చిన్నబుచ్చుకుంటారు అన్నారండి." ఆవిడ కోపంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పింది. "మిగిలినవి మీకేమన్నా పనికొస్తాయేమోనని ఉంచాను."

తీసుకున్నాను. ఏమీ చెప్పలేదు. మా వైపు మాటలో మర్యాద ఎక్కువ అని అందరూ మెచ్చుకుంటారు. ఆ మర్యాద కోసం ఒక మనిషి రోజుకో బిళ్ళ చొప్పున మింగాడు.

కొంతకాలానికి విదేశాల్లో ఆ బిళ్ళని ఆపేశారు. మనసు కుంగుతోందని, ప్రాణాలు తీసుకోవాలనిపిస్తోందని. ఆ కబురు మన దాకా రావడానికి ఇంకా కొన్నాళ్లు పట్టింది. వచ్చాక, షాపుల్లో ఉన్న సరుకు వెనక్కి పంపమన్నారు. వీధి చివర షాపు నుంచి డబ్బాలు నేనే కట్టించి పంపాను. ఏలూరులో ఆ మందు తేడా అందరికన్నా ముందు పసిగట్టింది నేనే అని ఆ తరవాత కొన్నాళ్లు చెప్పుకున్నాను. ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అందుకే ఇది నేను ఆడినవాటిలో అన్నిటికన్నా పెద్ద అబద్ధం.

అప్పుడే ఏలూరుకి కొత్తగా వచ్చిన మానసిక వైద్యురాలు ఒకావిడ ఉండేది. మా అమ్మాయి వయసు. ఒకరోజు ఆవిడ కన్సల్టింగ్ అయ్యేదాకా కూచుని, బ్యాగు తెరవకుండా అడిగాను. ఆ రిసెప్టర్లు ఆకలికేనా అని. మాస్టారి ప్రశ్న నేను అడగడానికి ఏడాదిన్నర పట్టింది.

"ఆకలి చాలా చిన్న భాగమండి" అంది. "మెదడంతా ఉంటాయి అవి. నొప్పి తెలిసే చోట, భయం ఉండే చోట, జ్ఞాపకాలు ఉండే చోట. మీకు ఒక దెబ్బ తగిలిందనుకోండి, మనసుకి. కొన్నేళ్లకి అది గుర్తుంటుంది కానీ కొయ్యదు. ఆ పదును తగ్గించే పనిలో వీటికీ కొంత చెయ్యి ఉందని ఇప్పుడు అనుకుంటున్నారు. వాటిని మూసేస్తే కొందరికి పాత బాధ పాతబడకుండా పోవచ్చు."

నా వంక చూసి, "ఎవరైనా తెలిసినవాళ్లా?" అంది.

చెప్పాను. మొదటిసారి మొత్తం చెప్పాను, అట్టలు తియ్యడంతో సహా. "ఆ బిళ్ళ వల్లే అని నేను చెప్పలేనండి. కాదనీ చెప్పలేను. ముందు ఒకసారి అలా అయిన మనిషి కదా" అంది. ఆ మాటలో కొంచెం చోటుంది. కొన్ని నెలలు ఆ చోట్లో ఒదిగి పడుకున్నాను. కానీ అక్కడా నిద్ర పట్టలేదు.

ఆ తరవాతి రంజాన్‌కి ముందు మాస్టారి ఇంటికి వెళ్లాను. ఆయన భార్య అప్పటికి చిన్న చిన్న వంటలు ఒప్పుకుంటోంది. ఉల్లిపాయలు తరుగుతోంది. నేను గడప దగ్గర కుర్చీలో కూచుని మొత్తం చెప్పాను. బొటనవేలు సంగతి, ఫారం సంగతి, డబ్బా సంగతి. ఆవిడ తరగడం ఆపలేదు. అయ్యాక కత్తిపీట మడిచి పక్కన పెట్టింది.

"ఆ రోజు పెద్ద డాక్టరు గారు అడిగినప్పుడు నేను మీ వంక చూశాను. గుర్తుందాండి?"

"ఉందమ్మా."

"ఏం చెప్పాలో తెలీక కాదండి చూసింది. ఆ బిళ్ళ పేరు నాకు తెలుసు. మీరు తీసుకొచ్చిన మనుషులం కదా, మిమ్మల్ని దాటి చెబితే బాగోదని, మీరు చెబుతారని ఆగానండి."

తరవాత ఆవిడ లోపలికి వెళ్లి టీ తెచ్చింది. చేతికి ఇవ్వకుండా నా పక్కన స్టూలు మీద పెట్టి వెళ్లిపోయింది. తాగాలో లేదో తెలియక చాలాసేపు కూచున్నాను. చల్లారిపోయింది.

ఆ రంజాన్‌కి ఉప్పు చూడమని కబురు రాలేదు. ఆ తరవాత ఏ రంజాన్‌కీ రాలేదు. ఆవిడ వంట మంచి పేరు తెచ్చుకుందని విన్నాను.

బీరువాలో ఉన్న ఫోల్డరు అదే. ఆ పేజీ కిందిమూల వేలి రాపిడికి ఆ లైను అరిగిపోయింది. భూతద్దం పెట్టినా చదవడానికి రాదు. మీరు ట్యాబ్ పట్టుకున్నప్పుడు మీ వేలు ఎక్కడుందో ఒకసారి చూసుకోండి. ఇంతకన్నా చెప్పే అర్హత నాకు లేదు.

ఇంట్లో కూర దించగానే ఎడమ చేతి వెనక ఒక చుక్క వేసుకుని చూడ్డం నాకు అలవాటైపోయింది. మా ఆవిడ పొయ్యి దగ్గర నిలబడి ఎలా ఉందని అడుగుతుంది. ఉప్పు సరిపోయిందని చెబుతాను. అంతవరకు తెలుస్తుంది.